అప్పా, జబ్బా? ఉత్తర తెలంగాణలో కుంగుబాటు నివారణపై చర్చ ఎక్కడిదాకా వచ్చింది

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో మనోవేదన ప్రస్తావన ఎప్పుడొచ్చినా చావు దగ్గరే మొదలవుతుంది. పత్తి రైతు, సిరిసిల్ల నేత కార్మికుడు, గల్ఫ్ నుంచి శవపేటికలో తిరిగొచ్చిన వలస కూలీ. పాతికేళ్లకు పైగా పత్రికలు, కమిషన్లు, డాక్టర్లు, రైతు సంఘాలు ఈ చావుల చుట్టూనే వాదించుకున్నాయి. ఇది అప్పు చేసిన పని అని ఒక పక్షం, వైద్యం అందని జబ్బు అని మరో పక్షం. ఆదివాసీ ప్రాంతాల నుంచి మూడో వాదన ఒకటి ఉంది గానీ దాన్ని విన్నవాళ్లు తక్కువ.

నా అభిప్రాయం ముందే చెప్పడం న్యాయం. ప్రధాన పక్షాలు రెండూ చావునే కొలబద్దగా పెట్టుకున్నాయి. అందువల్ల చావకుండా, కుంగిపోయి బతుకుతున్నవాళ్లు లెక్కలోకి రాలేదు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, కౌలుదార్లు, గూడేల జనం. నివారణ అన్నమాటకు అర్థమంటూ ఉంటే అది వాళ్ల దగ్గర మొదలు కావాలి.

చర్చ పుట్టిన తీరు

1997-98లో అకాల వర్షాలు, లద్దెపురుగు కలిసి వరంగల్ పత్తిని ఊడ్చేశాయి. అప్పుడు మొదలైన రైతు ఆత్మహత్యల వార్తలు త్వరలోనే కరీంనగర్, ఆదిలాబాద్ నల్లరేగడి నేలలకూ పాకాయి. మందులు, విత్తనాలు అప్పిచ్చేదీ దుకాణదారే, పంట కొనేదీ చాలాచోట్ల అతనే. మిత్తి నూటికి రెండు, మూడు రూపాయలంటే అది నెలకు, ఏడాదికి కాదు. 2004లో ప్రభుత్వం వేసిన జయతీ ఘోష్ కమిషన్ ఈ సంక్షోభం వ్యక్తుల బలహీనత కాదని, విధానాల ఫలితమని తేల్చింది. కౌలుదార్లకు గుర్తింపు, రుణం అందాలని చెప్పింది. ఆర్థిక మూలాల వాదానికి అదే పునాది.

అదే ఏడాది వచ్చిన జీవో 421 ఈ చర్చను ఒక ఫైలుగా మార్చింది. చనిపోయిన రైతు కుటుంబానికి లక్షన్నర సాయం ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. 2015లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని 6 లక్షలకు పెంచింది. ఆ సాయం రావాలంటే ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ సహాయ సంచాలకుడు కలిసిన కమిటీ ఆ చావుకు సాగు అప్పులే కారణమని ఒప్పుకోవాలి. పట్టాదారు పాసుపుస్తకం, అప్పు కాగితాలు, ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం నివేదిక అన్నీ ఉండాలి. విచారణలో తాగుడనో, ఇంటి గొడవనో, జబ్బనో తేలితే ఫైలు మూసేస్తారు. ఆరు నెలలుగా అతనికి నిద్ర లేదని, తిండి సహించలేదని, ఎవరితోనూ మాట్లాడలేదని భార్యకు తెలుసు. ఆ మాట చెబితే డబ్బు రాదనీ తెలుసు. కౌలుకు చేసినవాడికైతే చూపడానికి కాగితమే ఉండదు. అప్పూ జబ్బూ ఒకే మనిషిలో ఒకదాన్నొకటి పెంచుకుంటాయన్న సత్యాన్ని ఈ ఉత్తర్వు చట్టపరంగా విడగొట్టింది. చర్చ రెండు ముక్కలు కావడంలో సిద్ధాంతాల పాత్ర కంటే ఈ ఫైలు పాత్రే ఎక్కువని నా నమ్మకం.

లెక్కలు ఏం చెబుతాయి

జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022లో దేశంలో లక్ష జనాభాకు 12.4 మంది ఆత్మహత్య చేసుకుంటే, తెలంగాణలో 26.3 మంది. రెట్టింపు కంటే ఎక్కువ. వార్షిక నివేదికలో వృత్తి, వయసు, చదువు పట్టికలున్నాయి గానీ కులం, తెగ పట్టిక లేదు. కాబట్టి గోండుల్లో ఎంతమంది, కొలాముల్లో ఎంతమంది అన్న ప్రశ్నకు అక్కడ జవాబు దొరకదు. పొలంలో రోజంతా వంగిన ఆడమనిషి పేరిట భూమి లేకపోతే ఆమె గృహిణుల గడిలోకి పోతుంది.

బతికున్నవారి సంగతి ఇంకా పలచన. 2015-16లో నిమ్‌హాన్స్ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, కుంగుబాటుతో ఉన్నవారిలో దాదాపు 85 శాతానికి వైద్యం అందడం లేదని తేల్చింది. దేశమంతటా ఉటంకించే ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ కూడా లేదు. మన జిల్లాల గురించి ఆ అంకెతో చేసే ప్రతి వాదనా ఇతర రాష్ట్రాల నుంచి తెచ్చుకున్న అరువే.

మొదటి పక్షం: రాబడి నిలబడితే రంది తగ్గుతుంది

పేదరికానికీ కుంగుబాటుకూ ఉన్న లంకెపై ఆధారాలు ఇప్పుడు గట్టివే. 2020లో సైన్స్ పత్రికలో రిడ్లీ, రావు, షిల్‌బాక్, పటేల్ రాసిన సమీక్ష ప్రకారం, ఒకే ప్రాంతంలో అట్టడుగు ఆదాయం ఉన్నవారికి కుంగుబాటు, ఆందోళన కలిగే అవకాశం ధనికుల కంటే ఒకటిన్నర నుంచి మూడు రెట్లు ఎక్కువ. ఆ లంకె రెండు వైపులా నడుస్తుందని కూడా వాళ్లు చూపారు. ఇండోనేషియాలో పేద కుటుంబాలకు ప్రభుత్వం నగదు ఇచ్చిన ప్రాంతాల్లో ఆత్మహత్యలు దాదాపు 18 శాతం తగ్గాయని మరో అధ్యయనం తేల్చింది. పంట దెబ్బతిన్న ఏడు ఆ తేడా ఇంకా స్పష్టంగా కనబడింది.

ఈ వాదానికి మన దగ్గర అన్నిటికంటే మంచి ఉదాహరణ రైతు కాదు, సిరిసిల్ల. అక్కడ మరమగ్గాలను సాంచెలంటారు. యజమాని నూలిస్తాడు, నాలుగో ఎనిమిదో సాంచెలున్న ఆసామి కూలీకి నేయిస్తాడు, కార్మికుడు ఒకేసారి ఎన్నో సాంచెలు చూసుకుంటూ పన్నెండు గంటల షిఫ్టు చేస్తాడు. కూలీ మీటరు లెక్కన. పడుగు నూలు చుట్టిన బీము అయిపోయి కొత్తది రాకపోతే సాంచె ఆగుతుంది, ఆ రోజు కూలీ లేదు. కరెంటు పోయినా అంతే, మార్కెట్లో పాలిస్టర్ గుడ్డ ధర పడినా అంతే. ఇంట్లో భార్య బీడీలు చుడుతుంది. వారం వారం ఆదాయం ఎంతో తెలియని ఈ బతుకు 2000ల దశకంలో సిరిసిల్లకు ఆత్మహత్యల పట్టణమన్న పేరు తెచ్చింది. 2017 నుంచి ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డరు ఇవ్వడం మొదలుపెట్టింది. ఏటా దాదాపు కోటి చీరలు. ఏడాదిలో కొన్ని నెలలైనా పని ఖాయం, కూలీ ఖాయం. 2024లో ఆ ఆర్డరు ఆగింది, పాత బకాయిలు నిలిచాయి, సాంచెలు మూతపడ్డాయి. మళ్లీ చావు వార్తలు వచ్చాయి. తర్వాత మహిళా సంఘాల చీరల పేరిట కొత్త ఆర్డర్లు వచ్చాయి. ఇది ప్రయోగశాల రుజువు కాదు. కానీ ఒకే పట్టణంలో, అవే ఇళ్లలో, పని ఖాయమైనప్పుడూ కానప్పుడూ ఏం జరుగుతుందో ఇంత దగ్గరగా చూపే ఉదాహరణ తెలంగాణలో మరొకటి చూపడం కష్టం.

రైతుబంధు సంగతి ఇంత స్పష్టం కాదు. 2018 మే 10న హుజూరాబాద్‌లోనే మొదలైన ఆ పథకం ఎకరానికి పంటకు 4 వేలతో మొదలై 5 వేలకు పెరిగింది. 2025లో రైతు భరోసాగా 6 వేలైంది. డబ్బు చేరేది పట్టా ఉన్నవారికి. ఎక్కువ రంది పడేది కౌలుదారు. 2011 కౌలుదారుల చట్టం ఇచ్చిన రుణ అర్హత కార్డుల ఊసు ఈ పథకంలో లేనే లేదు. భూమి లేని కూలీలకు ఏడాదికి 12 వేల ఆత్మీయ భరోసా రావడం మంచి మార్పు. బీడీ కార్మికుల పింఛను కూడా అలాంటిదే. మొత్తం చిన్నదైనా నెల నెలా వస్తుంది. కుంగుబాటు విషయంలో ఎంత డబ్బు వస్తుందన్నదానికి దీటుగా, అది ఎంత నమ్మకంగా వస్తుందన్నది కూడా ముఖ్యమని ఈ పక్షం పట్టుబట్టి చెప్పాల్సింది. చెప్పలేదు. రుణమాఫీ కోసం చేసినంత పోరాటం నెలవారీ భద్రత కోసం చేయలేదు.

డబ్బే మనసును నలిపేసే సందర్భమూ ఈ గడ్డ చూసింది. 2010లో మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్ల ఒత్తిడికి ఊళ్లలో ఆడవాళ్లు ప్రాణాలు తీసుకున్నారని వార్తలు వెల్లువెత్తాయి. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వారాల కిస్తీలకు కళ్లెం వేసింది. ఒకరు కట్టకపోతే గ్రూపు మొత్తం ఆమె వాకిట్లో కూర్చునే పద్ధతి అది. నివారణకు గ్రూపులే దారి అనేవాళ్లు ఈ చరిత్రను మరవకూడదు.

రెండో పక్షం: కుంగుబాటు జబ్బు, దానికి వైద్యం ఉంది

వైద్యుల వాదన సూటిగా ఉంటుంది. ఊళ్లో అప్పున్నవాళ్లు వందమంది, ప్రాణం తీసుకునేది ఒకరు. ఆ ఒకరిని ముందే గుర్తించవచ్చు. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో, జిల్లా కార్యక్రమం 1996లో మొదలయ్యాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యాన్ని హక్కు చేసింది, ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని నేరస్తులుగా కాక తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా చూడమంది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీమానస్‌లో 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. కాగితం మీద ఇదంతా బాగుంది. సైకియాట్రిస్టు మాత్రం జిల్లా కేంద్రం దాటి రాడు.

ఆ ఖాళీని మామూలు మనుషులతో నింపవచ్చా అన్నదే గత ఇరవై ఏళ్ల పరిశోధనల సారం. పెన్‌గంగ దాటితే యవత్మాల్, ఆపైన అమరావతి. మన ఆదిలాబాద్ లాంటి నేల, అదే పత్తి. అమరావతి జిల్లాలోని 30 ఊళ్లలో విశ్రామ్ అనే కార్యక్రమం ఊరి కార్యకర్తలకు, సలహాదారులకు శిక్షణ ఇచ్చి నడిపింది. మొదట్లో కుంగుబాటు ఉన్నవారిలో 4.3 శాతం మాత్రమే ఏదో ఒక సాయం పొందేవారు. కార్యక్రమం తర్వాత అది 27.2 శాతమైంది. పశ్చిమ గోదావరి ఏజెన్సీలోని 30 ఆదివాసీ ఊళ్లలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చారు. గత రెండు వారాల్లో పనిమీద మనసు పోవడం లేదా, నిద్ర పడుతోందా అని ఇంటింటా అడిగి, జవాబులను బట్టి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరికి పంపారు. సేవలు వాడుకున్నవారు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. పెరుగుదల నిజం. సాయం అవసరమైన ఎనిమిదిమందిలో ఏడుగురు ఆ తర్వాత కూడా వెళ్లలేదన్నదీ నిజం.

సిరిసిల్లలోనూ నేతన్నల కోసం కౌన్సెలింగ్ కేంద్రం పెట్టారు. 2017లో వికారాబాద్‌లో పుట్టి ఆదిలాబాద్, మంచిర్యాలకు విస్తరించిన కిసాన్ మిత్ర హెల్ప్‌లైన్ వీటన్నిటిలోకీ నాకు ఎక్కువ నచ్చినది. అక్కడ ఫోన్ ఎత్తినవాళ్లు ధైర్యం చెప్పి ఊరుకోరు. పాసుపుస్తకం ఆగిందా, పంట బీమా రాలేదా, బ్యాంకు తిప్పుతోందా అని విని ఆ అర్జీని సంబంధిత ఆఫీసు దాకా తీసుకుపోతారు. అప్పూ జబ్బూ వేరు చేయని ఏర్పాటు ఈ ప్రాంతంలో నడిచిందని చెప్పడానికి అదే సాక్ష్యం.

ఈ పక్షం మీద విమర్శలూ బలమైనవే. అన్యాయానికి బాధపడుతున్న మనిషికి మాత్ర ఇచ్చి పంపితే అన్యాయం అలాగే ఉంటుందని డెరెక్ సమ్మర్‌ఫీల్డ్, చైనా మిల్స్ లాంటివారు ప్రపంచ స్థాయిలో వాదించారు. మన రైతు సంఘాల మాటా అదే. ఆ ఆగ్రహం నాకు అర్థమవుతుంది. అయితే జబ్బు అనే మాటకే అడ్డుపడటం వల్ల నష్టపోయింది పేదవాళ్లే. డబ్బున్నవాడు కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో ప్రైవేటు డాక్టరు దగ్గరికి గుట్టుగా వెళ్లి వస్తాడు. లేనివాడు కల్లు కాంపౌండుకు పోతాడు. 2015లో ప్రభుత్వం కల్తీ కల్లు మీద విరుచుకుపడినప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాల సహా ఆసుపత్రులన్నీ వణుకుతూ, వింతగా మాట్లాడుతూ వచ్చినవారితో నిండాయి. ఆ కల్లులో కలిపింది డైజిపాం, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్. డాక్టరు చీటీ మీద మాత్రమే ఇవ్వాల్సిన నిద్రమందులను వేలాది కూలీలు ఏళ్ల తరబడి సీసాల్లో తాగారు. వైద్యం వద్దనుకున్న సమాజం కాదది. వైద్యం అందక దొరికినదాంతో సర్దుకున్న సమాజం.

విషాన్ని దూరం చేయడం

పురుగుమందు చేతికి అందకుండా చేసే ఈ దారి కుంగుబాటును ఆపదు, కుంగుబాటులో ఉన్నవాడి ప్రాణాన్ని నిలుపుతుంది. శ్రీలంక అతి విషపు పురుగుమందులను ఒక్కొక్కటే నిషేధిస్తూ పోయాక 1995తో పోలిస్తే ఆత్మహత్యల రేటు మూడింట రెండు వంతులకు పైగా తగ్గింది. పురుగుమందులు మానేసిన ఉమ్మడి ఖమ్మం జిల్లా పునుకుల మన దగ్గరి ఉదాహరణ. ఉమ్మడి రాష్ట్రంలో మందులు వాడని ఊళ్లపై లక్ష్మీ విజయకుమార్ బృందం 2009లో ప్రచురించిన చిన్న అధ్యయనం, ఆ ఊళ్లలో ఆత్మహత్యలు 14 నుంచి 3కు తగ్గాయని చెప్పింది. అన్నిటికంటే తక్కువ వివాదం ఉన్న మార్గం ఇదే. పత్తి జిల్లాల్లో దీన్ని పట్టించుకున్నదీ అన్నిటికంటే తక్కువే.

గూడేల నుంచి మూడో వాదన

ఉట్నూరు ఐటీడీఏ పరిధిలోని గోండులు, కొలాములు, పర్ధానులు, తోటీలు, నాయకపోడుల విషయానికొస్తే పై రెండు వాదాలూ సగమే సరిపోతాయి. వీళ్ల కష్టం ఒక పంట కాలానిది కాదు. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాక నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను పిలిచి తిరుగుబాటు కారణాలు కనుక్కోమంది. అడవి హద్దులు గీసి భూమి లాక్కోవడమే కారణమని ఆయన చెప్పాడు. మార్లవాయిలో గోండి బడి పెట్టించాడు, భూములకు పట్టాలు ఇప్పించాడు. తర్వాతి దశాబ్దాల్లో ఆ భూములే చేతులు మారాయి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో ఆదివాసులపై పోలీసు కాల్పులు జరిగాయి. 2012లో కవ్వాల్ పులుల అభయారణ్యమైంది. 2023 జూన్‌లో ఆసిఫాబాద్ నుంచి పోడు పట్టాల పంపిణీ మొదలుపెట్టి 4 లక్షలకు పైగా ఎకరాలు ఇస్తామన్నారు. పట్టా రానివాడు ప్రతి వానాకాలం దున్నాలా వద్దా అన్న బుగులుతోనే ఉంటాడు.

కెనడాలో చాండ్లర్, లాలోండ్ 1998లో ఒక విషయం గమనించారు. బ్రిటిష్ కొలంబియా ఆదివాసుల్లో భూమి హక్కు, బడి, స్వపరిపాలన, సాంస్కృతిక కేంద్రాలు తమ చేతుల్లో నిలుపుకున్న సమూహాల్లో యువకుల ఆత్మహత్యలు చాలా తక్కువ, అవన్నీ పోయినచోట చాలా ఎక్కువ. ఆదివాసుల సగటు అని ఒకే అంకె చెప్పడం తప్పని దాని సారం. ఆదిలాబాద్‌కు దీన్ని నేరుగా అన్వయించలేం. అయినా ఇక్కడ తగవులు తీర్చే రాయి సెంటర్లు ఉన్నాయి, కేస్లాపూర్ నాగోబా దర్బారు ఉంది, దీపావళికి దండారి కట్టి ఊరూరా విడిది చేసే ఆచారం ఉంది, ఆదిలాబాద్ ఆకాశవాణిలో గోండి కార్యక్రమం ఉంది. ఆరోగ్య శాఖ వీటిని సాంస్కృతిక కార్యక్రమాలుగా కాక, మనిషిని ఒంటరి కానివ్వని ఏర్పాట్లుగా చూడాలి. తిర్యాణి, కెరమెరి గూడేల్లో కుంగుబాటును తెలుగు ప్రశ్నావళితో కొలవడం మొదటి తప్పవుతుంది. ఒంట్లో నొప్పి, గుండె దడ, దేవుడి కోపం అని చెప్పే మనిషిని ఆ కాగితం ఆరోగ్యంగా ఉన్నట్టు రాసుకుంటుంది.

పక్కపక్కన పెట్టి చూస్తే

ఆర్థిక పక్షం మూలాన్ని పట్టింది, మనిషిని వదిలేసింది. ఒకే కష్టంలో ఒకరు నిలబడి ఇంకొకరు ఎందుకు కూలిపోతారో అది చెప్పలేదు. వైద్య పక్షం మనిషిని పట్టింది గానీ దాని విజయాలన్నీ చికిత్సవే, నివారణవి తక్కువ. ఈ తేడా చిన్నది కాదు. 1980ల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రికార్డో మున్యోజ్ బృందం పేద, మైనారిటీ రోగులకు కుంగుబాటు రాకముందే మనసును సంభాళించుకునే పాఠాలు చెప్పింది. లక్షణాలు తగ్గాయి. కొత్త కేసులు ఆగాయని గట్టిగా చెప్పేంత తేడా మాత్రం రాలేదు. రాని జబ్బును లెక్కించడం అంత కష్టం. గూడేల వాదన కాలాన్ని, భూమిని చర్చలోకి తెచ్చింది, కానీ దాని వెనక ఇక్కడి కొలతలు లేవు.

నివారణకు దగ్గరగా వచ్చిన ఫలితం జార్ఖండ్, ఒడిశాల నుంచి ఉంది. ఏక్‌జుట్ సంస్థ ఎక్కువగా ఆదివాసులున్న జిల్లాల్లో ఆడవాళ్ల గ్రూపులను నెలనెలా కూర్చోబెట్టింది. అక్కడ అప్పు మాట లేదు, మందు మాట లేదు. కాన్పు, పసిపిల్లల కష్టాలను కథలతో, బొమ్మలతో చర్చించి దారి వాళ్లే వెతుక్కున్నారు. నవజాత శిశువుల మరణాలు బాగా తగ్గాయి. మూడో ఏడు తల్లుల్లో ఓ మోస్తరు కుంగుబాటు 57 శాతం తగ్గింది. మూడేళ్ల మొత్తం మీద అంత తేడా లేదు, అంటే ఫలితానికి కాలం పట్టింది. తెలంగాణలో ఊరూరా మహిళా సంఘాలున్నాయి, గ్రామైక్య సంఘాలున్నాయి. వాటి సమావేశాల్లో మాట్లాడేది మాత్రం ఇప్పటికీ పొదుపు, కిస్తీ, రికవరీ.

తేలని సంగతులు

కౌలుదారుకు గుర్తింపు రాకుండా ఏ నగదు పథకమైనా కుంగుబాటును తగ్గిస్తుందా? గల్ఫ్‌కు పోయినవాడి భార్య జగిత్యాల పల్లెలో అత్తమామలను, ఏజెంటు అప్పును ఒంటిచేత్తో మోస్తూ ఉంటే ఆమె ఏ పథకం కిందికి వస్తుంది? 2024లో గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షలు ప్రకటించారు. అక్కడా లెక్క చావు నుంచే మొదలైంది. జీవో 421 వారసత్వాన్ని మార్చి, జబ్బు ఉందని చెప్పినా సాయం పోదని హామీ ఇస్తే కుటుంబాలు నిజం చెబుతాయా? నాకు మాత్రం ఇదే మొదట చేయదగిన పని అనిపిస్తుంది, ఖర్చు కూడా పెద్దగా లేనిది.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టే ప్రశ్న ఇంకొకటి. విశ్రామ్ అయినా, పశ్చిమ గోదావరి ప్రయోగమైనా నిలబడింది ఊరి మనుషుల భుజాల మీదే. మన దగ్గర ఆ భారం పడేది ఆశా కార్యకర్త మీదే. ఆమెకు జీతం లేదు, పారితోషికం ఉంది. 2015లో తెలంగాణ ఆశాలు వంద రోజులకు పైగా సమ్మె చేసింది దాని కోసమే. గర్భిణులు, టీకాలు, క్షయ, కుష్ఠు, షుగరు సర్వేల మీద ఇప్పుడు మనసు సర్వే కూడా చేరితే, సాయంత్రం ఇంటికొచ్చి బీడీలు చుట్టుకునే ఆమెను రెండు వారాలుగా నిద్ర పడుతోందా అని అడిగేది ఎవరన్న విషయం ఏ పథకంలోనూ రాసి లేదు.